రాతప్రతి జర్నల్ గుమ్మం దాటాలంటే

జర్నల్‌కు పంపిన పరిశోధన పత్రం రెండు రోజులకే తిరిగొస్తే, తమ పరిశోధన బాగాలేదేమోనని చాలామంది స్కాలర్లు కుంగిపోతారు. నిజానికి చాలాసార్లు అప్పటికి ఆ పరిశోధనను ఎవరూ చదివి ఉండరు. పత్రం మొదట చేరేది సాంకేతిక పరిశీలనకు (నియమాల ప్రకారం ఉందో లేదో చూసే దశ). అక్కడి ఉద్యోగికి మీ రసాయనశాస్త్రంతోనో, మీ ప్రబంధ సాహిత్యంతోనో పనిలేదు. సారాంశం చెప్పిన మాటల లెక్క దాటిందా, బొమ్మలు విడి ఫైళ్లుగా జతచేశారా, రచయితల పేర్లు ఉండకూడని చోట ఉన్నాయా, ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్య రాశారా అని మాత్రమే చూస్తారు. ఏది లోపించినా సరిచేసి మళ్లీ పంపమంటారు. దీన్ని తిరస్కరణ అనకూడదు. కానీ ఇలా రెండుసార్లు తిరిగితే నెల గడిచిపోతుంది.

రాతప్రతిని (జర్నల్‌కు పంపే పత్రం, అచ్చుకు ముందటి రూపం) ఎలా సిద్ధం చేయాలో మన విశ్వవిద్యాలయాల్లో పనిగట్టుకుని నేర్పేది తక్కువే. గైడ్‌కు ఓపికుంటే చెబుతారు. లేదంటే సీనియర్ ఫైలు సంపాదించి, దాన్ని చూసి దించుకోవాలి. అలా దించుకున్నప్పుడు నియమం తెలుస్తుంది కానీ అది ఎందుకుందో తెలియదు. కారణం తెలిస్తే నియమాన్ని బట్టీపట్టక్కర్లేదు.

ఈ సంగతి ఇప్పుడు తెలుసుకోవాల్సిన అవసరం ఒకటి వచ్చింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2016 నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించే ముందు కనీసం ఒక పత్రం రిఫరీడ్ జర్నల్‌లో (నిపుణులు పరిశీలించాకే ప్రచురించే పత్రిక) రావాల్సి ఉండేది. 2022 నవంబరు నిబంధనల్లో ఆ నిర్బంధం పోయింది. ఉద్యోగాలకు, పదోన్నతులకు మాత్రం పత్రాల లెక్క అలాగే ఉంది. ఏ జర్నల్ మంచిదో చెప్పడానికి 2019లో మొదలైన యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపేశారు. మంచీచెడూ తేల్చుకునే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థల మీద, పరిశోధకుల మీద పడింది.

కాబట్టి మొదటి పని జర్నల్‌ను ఎంచుకోవడం. పత్రం రాశాక జర్నల్ వెతుక్కుందాం అనుకుంటే పని రెండింతలవుతుంది. ఒక జర్నల్ 3,000 మాటలే ఒప్పుకుంటే మరొకటి 8,000 దాకా ఒప్పుకుంటుంది. ఒకదానికి సారాంశం ఒకే పేరాగా కావాలి, ఇంకోదానికి లక్ష్యం, పద్ధతి, ఫలితం, ముగింపు అని విడగొట్టి కావాలి. ముందు ఆ జర్నల్ తాజా సంచికలు రెండు మూడు తిరగేయండి. మీ అంశం మీద అక్కడ చర్చ నడుస్తోందా చూడండి. తర్వాత రచయితల సూచనలు (జర్నల్ ఇచ్చే నియమావళి) పూర్తిగా చదవండి. అది విసుగు పుట్టించే చదువే. కానీ పత్రానికి సంబంధించిన సగం నిర్ణయాలు అక్కడే తేలిపోతాయి.

దొంగ జర్నళ్లను పట్టుకోవడానికి కూడా ఈ చదువు పనికొస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థపై అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణుల సమీక్ష సరిగా జరపకుండానే జరిగిందని నమ్మించారని, ఫీజుల సంగతి ముందుగా చెప్పలేదని ప్రధాన ఆరోపణలు. 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. ఇలాంటి వ్యాపారంలో పత్రాన్ని వెనక్కి పంపితే వాళ్లకే నష్టం, అందుకే ఏది పంపినా పుచ్చుకుంటారు. మంచి జర్నళ్లలోనూ కొన్ని మొదటిసారి ఏ రూపంలో పంపినా ఫరవాలేదంటున్న మాట నిజమే. అయితే అవి ఆమోదించాక ప్రతి అక్షరం సరిచేయిస్తాయి. మొదట గానీ చివర గానీ ఒక్క ప్రశ్నా వేయకుండా మూడు రోజుల్లో ఆమోదపత్రం, దాంతోపాటు ఫీజు బిల్లు పంపేవాళ్లను దూరం పెట్టండి.

ఇక పత్రం లోపలికి వెళదాం. శాస్త్ర, వైద్య పత్రాల్లో పరిచయం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు భాగాల వరుస ఉంటుంది. ఆ ఆంగ్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపి దీన్ని ఇమ్రాడ్ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో నెమ్మదిగా పాకి, 1970ల తర్వాత వైద్య జర్నళ్లలో దాదాపు అంతటా స్థిరపడింది. ఈ వరుసకు కారణం ఉంది. పరిశోధన పత్రాన్ని ఎవరూ నవలలా మొదటినుంచి చివరిదాకా చదవరు. వైద్యుడు సారాంశం చూసి ఫలితాల పట్టికకు దూకుతాడు. అదే ప్రయోగం తానూ చేయాలనుకునేవారు నేరుగా పద్ధతులకు వెళతారు. ఎవరికి కావలసింది వారికి తెలిసిన చోట ఉండాలి. మనవాళ్ల పత్రాల్లో ఎక్కువగా కనిపించే చిక్కు ఈ భాగాలు ఒకదాన్లోకి ఒకటి చొరబడటం. పద్ధతుల్లో మీరు చేసింది రాయండి. ఫలితాల్లో మీకు కనిపించింది రాయండి. దాని అర్థం ఏమిటో చర్చలో చెప్పండి. సాహిత్య, చరిత్ర పత్రాలకు ఈ వరుస వర్తించదు. అక్కడ వాదన ఎటు నడిస్తే నిర్మాణం అటే నడుస్తుంది.

పద్ధతుల భాగాన్ని చిన్నచూపు చూడకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఒక పత్రం ప్రచురించారు. ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు గాఢతను బట్టి లెక్కగట్టే పద్ధతి అది. అందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. ఉన్నదంతా పని చేసే విధానమే. చదివినవాళ్లు తమ ప్రయోగశాలలో అదే పని చేసుకోగలిగారు. అందుకే ఆ పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచమంతటా వాడుకలో నిలిచింది. పద్ధతుల భాగానికి అదే పరీక్ష: మిమ్మల్ని ఫోనులో అడగకుండా మరొకరు ఆ పని చేయగలగాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఉంచాం అని రాస్తే చాలదు. మే నెలలో రెంటచింతల గదికీ సిమ్లా గదికీ చాలా తేడా. సెంట్రిఫ్యూజ్‌ను (వేగంగా తిప్పి పదార్థాలను వేరుచేసే యంత్రం) నిమిషానికి 10,000 చుట్లు తిప్పామన్నా చాలదు. యంత్రంలోని రోటర్ వ్యాసార్థం మారితే అదే వేగానికి బలం మారిపోతుంది. అందుకే గురుత్వ బలానికి ఎన్ని రెట్లో రాయమని జర్నళ్లు అడుగుతాయి.

సుబ్బారావు గారి పేరే మనకు మరో పాఠం. ఆ పత్రాన్ని ఉదహరించేవారు ఫిస్కే సి.హెచ్., సుబ్బారావు వై. అని రాస్తారు. పాశ్చాత్య పద్ధతిలో ఇంటిపేరు పూర్తిగా రాసి, సొంత పేరును పొడి అక్షరానికి కుదిస్తారు. ఇక్కడ తిరగబడింది. ఇంటిపేరు యల్లాప్రగడ ఒక్క అక్షరమైంది, సొంత పేరు ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారి విషయంలో కల్యంపూడి, రాధాకృష్ణ రెండూ పొడి అక్షరాలైపోయి, ప్రపంచానికి రావు సి.ఆర్. మిగిలారు. అంతటి పేరున్నవారికి దీంతో ఇబ్బంది రాలేదు. కొత్తగా రాసేవారికి వస్తుంది. రావులు, రెడ్డిలు, కుమార్‌లు, లక్ష్ములు వేలమంది.

ఒక స్కాలర్ ఇంటిపేరు కొండూరి, పేరు లక్ష్మీప్రసన్న అనుకుందాం. మొదటి పత్రంలో ప్రసన్న కె.ఎల్. అని పడింది. రెండోదాంట్లో కొండూరి ఎల్.పి. అయింది. పెళ్లయ్యాక వచ్చిన మూడో పత్రంలో కె మాయమై భర్త ఇంటిపేరు తాలూకు అక్షరం చేరింది. సూచిక తయారుచేసే యంత్రానికి వీళ్లు ముగ్గురు మనుషులు. పదోన్నతి దరఖాస్తులో ముగ్గురూ తానేనని రుజువు చేసుకోవడం ఆమె తలనొప్పి. అందుకని మొదటి పత్రానికి ముందే పేరు ఏ రూపంలో ఉండాలో తేల్చుకుని, జీవితాంతం దానికే కట్టుబడాలి. పేర్లు ఎక్కించే ఫారంలో సొంత పేరు గడి, కుటుంబ పేరు గడి విడివిడిగా ఉంటాయి. ఇంటిపేరు కుటుంబ పేరు గడిలోకే వెళ్లాలి. ఇంకా గట్టి మందు ఓర్కిడ్ (పరిశోధకులకు ఇచ్చే 16 స్థానాల గుర్తింపు సంఖ్య). 2012లో మొదలైన ఈ ఏర్పాటులో నమోదుకు డబ్బు అక్కర్లేదు. పేరు ఎలా మారినా సంఖ్య మారదు.

ఫైలు రూపం గురించి చెప్పుకుంటే, వరుసల మధ్య రెట్టింపు ఖాళీ ఇవ్వమనడం చాదస్తంలా కనిపిస్తుంది. అది కాగితాల మీద ఎడిటర్లు పెన్నుతో దిద్దిన కాలం నుంచి వచ్చిన అలవాటు. ఇవాళ దానికన్నా పంక్తి సంఖ్యలు ముఖ్యం. సమీక్షకుడు 214వ పంక్తిలో లెక్క తప్పింది అని రాస్తే మీరు వెతుక్కోనక్కర్లేదు.

చాలామందికి తెలియనిది శీర్షికల సంగతి. వర్డ్‌లో అక్షరాలు లావు చేసి, సైజు పెంచి శీర్షిక పెట్టామనుకుంటాం. కంటికది శీర్షికే. కంప్యూటర్‌కు మాత్రం లావు అక్షరాల్లో ఉన్న మామూలు వాక్యం. ఆమోదం పొందిన పత్రాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా (ప్రతి భాగానికీ అది ఏమిటో చీటీ అంటించిన రూపం) మారుస్తారు. వెబ్‌లో కనిపించే పుట, పీడీఎఫ్, సూచికలకు వెళ్లే వివరాలు అన్నీ దాన్నుంచే పుడతాయి. ఆ మార్పిడి పని చాలావరకు చెన్నై, పుదుచ్చేరి వంటి చోట్ల కంపెనీల్లో జరుగుతుంది. వర్డ్‌లో ఉండే హెడింగ్ స్టైల్ వాడితే ఇది శీర్షిక, ఇది ఉపశీర్షిక అని యంత్రానికి తెలుస్తుంది. వాడకపోతే ఎవరో కూర్చుని ఊహించాలి. ఊహ తప్పితే మీ ఉపశీర్షిక పేరాలో కలిసిపోతుంది. పట్టికను ఫొటోలా అతికించవద్దనేది కూడా ఇందుకే. ఫొటోలోని అంకెను ఎవరూ దిద్దలేరు, వెతకలేరు.

పట్టికలతో ఇంకో ప్రమాదం ఉంది. మనిషి జన్యువుల్లో కొన్నింటి సంక్షిప్త పేర్లు సెప్ట్1, మార్చ్1 అని ఉండేవి. వాటిని ఎక్సెల్ గడిలో టైపు చేస్తే తేదీ అనుకుని సెప్టెంబరు 1, మార్చి 1 చేసేది. ఎక్సెల్ జన్యు పట్టికలు జతచేసిన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి పొరపాట్లు ఉన్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘమే ఆ పేర్లను మార్చింది. సాఫ్ట్‌వేర్‌ను మార్చడం కన్నా జన్యువుకు కొత్త పేరు పెట్టడమే తేలికైందన్నమాట! ఎక్సెల్ నుంచి తెచ్చిన ప్రతి పట్టికనూ మూల లెక్కలతో ఒకసారి పోల్చుకోండి.

బొమ్మలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలంటారు. లెక్క చిన్నది. జర్నల్‌లో ఒక కాలమ్ సుమారు 8.5 సెంటీమీటర్లు అనుకుంటే మూడు అంగుళాల పైచిలుకు. దాన్ని 300తో గుణిస్తే బొమ్మ వెడల్పు కనీసం 1,000 చుక్కలు ఉండాలి. తెర మీద కత్తిరించిన స్క్రీన్‌షాట్‌కు తరచుగా అన్ని ఉండవు. సాఫ్ట్‌వేర్‌లో సంఖ్య పెంచినా కొత్త వివరం పుట్టదు. గ్రాఫు గీసిన చోటి నుంచే పెద్ద సైజులో ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పాఠకులు కూడా ఉంటారు కాబట్టి గీతలకు రంగుతోపాటు ఆకారం కూడా మార్చండి.

తెలుగులో రాసే పత్రాలకు ఫాంటే అసలు చిక్కు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లతరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లు రాజ్యమేలాయి. ఆ పాత పద్ధతిలో ఫైలు లోపల దాచేది ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. వాటి మీద తెలుగు ఆకారాలు తొడుగుతారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. కాగితం మీద అచ్చు చక్కగానే ఉంటుంది. కానీ గూగుల్‌కు ఆ వ్యాసం కనబడదు, సారూప్య పరీక్ష (ఇతర రచనలతో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్) దాన్ని చదవలేదు. యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 స్థానాలున్నాయి. మండలి, సూరన్న, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. సంపాదకులు ఇంకా అను ఫైలే కావాలని పట్టుబడితే, ఇవ్వండి. మీ దగ్గర మాత్రం యూనికోడ్ ప్రతి ఉండాలి. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చినప్పుడు వత్తులు, పొల్లులు తేడాపడతాయి, అక్షరం అక్షరం చూడక తప్పదు.

ఉపయుక్త గ్రంథసూచికి వచ్చేసరికి అందరికీ ఓపిక అయిపోతుంది. తప్పులు ఎక్కువ దొర్లేది కూడా అక్కడే. 1978లో కొందరు వైద్య జర్నళ్ల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని, రాతప్రతులకు అందరికీ పనికొచ్చే ఒకే రూపం ఉండాలనుకున్నారు. మరుసటి ఏడాది నియమాలు వెలువడ్డాయి. పాఠంలో అంకె వేసి చివర వరుస సంఖ్యతో మూలం ఇచ్చే వాంకూవర్ పద్ధతికి ఆ పేరు అలా వచ్చింది. రచయిత పేరు, సంవత్సరం పాఠంలోనే ఇచ్చే ఏపీఏ పద్ధతికి మూలం 1929లో మనస్తత్వ శాస్త్రవేత్తలు అచ్చువేసిన ఏడు పుటల వ్యాసం. ఏది వాడాలన్నది మీ ఇష్టం కాదు, జర్నల్ ఇష్టం. జొటెరో, మెండెలీ వంటి సాధనాల్లో మూలాలు ఎక్కిస్తే పద్ధతి మార్చడం ఒక నొక్కుతో అయిపోతుంది. తెలుగు రచయితల దగ్గర ఇంకో నిర్ణయం తీసుకోవాలి. శ్రీశ్రీని శ్రీశ్రీగా ఇవ్వాలా, శ్రీరంగం శ్రీనివాసరావుగా ఇవ్వాలా? పుస్తకం ముఖపుట మీద ఉన్నట్టే ఇచ్చి, సూచి అంతా అదే పాటించడం మేలు.

సాధనాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఒక పెద్ద ప్రచురణ సంస్థ తన సూచనల్లో మూలం ఎలా రాయాలో చూపడానికి ఒక ఉత్తుత్తి వ్యాసాన్ని కల్పించింది. దాని పేరు 'ది ఆర్ట్ ఆఫ్ రైటింగ్ ఎ సైంటిఫిక్ ఆర్టికల్', సంవత్సరం 2000. ఆ వ్యాసం లేదు, అది వచ్చిందన్న జర్నల్ కూడా లేదు. అయినా దాదాపు 400 పత్రాలు దాన్ని ఉదహరించినట్టు 2017లో బయటపడింది. చాలావరకు రచయితలు నమూనా ఫైలు తీసుకుని, అందులోని నమూనా మూలాన్ని తీసేయడం మరిచిపోయారు. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు ఇలాంటి లేని మూలాలను అడిగినన్ని ఇస్తున్నాయి. ప్రతి మూలానికీ డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత చిరునామా) నొక్కి, నిజంగా ఆ వ్యాసమే తెరుచుకుంటోందా చూడండి. మరి ఆ వ్యాసాన్ని మీరు చదివారా? సమీక్షకుడు చదివి ఉండే అవకాశం ఎక్కువ.

ప్రకటనల భాగం (రచయితల పాత్ర, కృతజ్ఞతలు వంటివి వెల్లడించే చోటు) క్లుప్తంగా ఉంటుంది, పేచీలు మాత్రం అక్కడే పుడతాయి. పరిశోధనలోనూ రాతలోనూ నిజంగా పాలుపంచుకుని, తుదిప్రతిని ఆమోదించి, దానికి జవాబుదారీ వహించేవారే రచయితలు అని వైద్య జర్నళ్ల సంపాదకుల సంఘం నిర్వచనం. విభాగాధిపతి గారి పేరు మర్యాద కోసం చేర్చడం ఈ నిర్వచనంలో ఇమడదు. మర్యాదకు కృతజ్ఞతల పేరా ఉంది. కృత్రిమ మేధను రచయితగా చూపకూడదు, వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి. సారూప్యం విషయంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు, 60 శాతం దాటితే పీహెచ్‌డీ నమోదే రద్దవుతుంది. పది శాతాన్ని కోటా అనుకునేవారున్నారు. ఆ పదిలో మీ ముఖ్యమైన నిర్ధారణే మరొకరి వాక్యమైతే శాతం మిమ్మల్ని కాపాడదు.

పంపే రోజు ఇంకో రెండు చూడాలి. గుప్త సమీక్షకు (రచయిత ఎవరో సమీక్షకుడికి తెలియని పద్ధతి) పంపే ఫైలులో మొదటి పుట నుంచి మీ పేరు తీసేస్తారు. ఫైల్ ప్రాపర్టీస్‌లో అది అలాగే ఉండిపోతుంది, గైడ్ పెట్టిన కామెంట్లు కూడా పక్కన వేలాడుతుంటాయి. వర్డ్‌లోని ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ వాడితే రెండూ పోతాయి. రెండోది కవర్ లెటర్. ఒకచోట తిరస్కరణకు గురైన పత్రాన్ని మరోచోటికి పంపేటప్పుడు లేఖలో పాత జర్నల్ పేరు మిగిలిపోవడం సంపాదకులకు తరచుగా కనిపించే దృశ్యం.

ఒకే పత్రాన్ని ఒకే సమయంలో రెండు జర్నళ్లకు పంపకండి. బయటపడితే రెండు తలుపులూ మూసుకుంటాయి. మొదటి జర్నల్ ఆరు నెలలైనా ఉలకకపోతే మర్యాదగా ఒక లేఖ రాసి, పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు తెలపండి. వాళ్ల అంగీకారం రాతపూర్వకంగా అందాకే రెండోచోట అప్‌లోడ్ చేయండి.